అక్క ఇంటి రేకుల కింద

నేను చేసే పనికి తెలుగులో ఒక పేరంటూ లేదు. పెళ్ళిచూపుల్లో మా మామగారు "అబ్బాయి ఏం పని చేస్తాడు?" అని అడిగితే మా అమ్మ ఏమాత్రం తడుముకోకుండా "గోడలకీ ఇంటికప్పులకీ దుప్పట్లు కప్పతాడన్నా" అని చెప్పింది. ఆయన నా మొహం ఒకసారి, మా అమ్మ మొహం ఒకసారి చూసి, ఇక ఆ మాట ఎత్తకుండా కాఫీ తాగేశారు. ఇన్నేళ్ళలో నా పని గురించి అంతకంటే బాగా చెప్పినవాళ్ళు లేరు. వేడి లోపలికి రాకూడదన్న చోట వేడిని ఆపాలి, చలి బయటికి పోకూడదన్న చోట చలిని ఆపాలి. అంతే నా పని.

మా వైపు కోట అనే ఊరి చుట్టుపక్కల రొయ్యల గుంటలు ఎక్కువ. గుంటలున్న చోట ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యలు దాచే చల్లగదులు తప్పవు. ఆ గదుల గోడలకి నురుగు నింపిన పలకలు బిగిస్తాం. మనుబోలు దగ్గర హైవే పక్కన గోడౌన్లకీ, గూడూరులో రేకుల షెడ్లకీ కప్పు కింద గ్లాస్‌వూల్ పరుస్తాం. గాజుని సన్నటి దారాలుగా తీసి చేసిన దూది అది. మా వాళ్ళు దూది అనే అంటారు. చూడటానికి మెత్తగా, పచ్చగా, మీద పడుకోవాలనిపించేలా ఉంటుంది. ఒంటికి తగిలిందంటే మాత్రం ఆ రోజంతా గోక్కోవడమే. అందుకే నడివేసవిలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, రేకుల కింద నిచ్చెన మీద ఉంటాం. "చల్లదనం కోసం పనిచేసేవాళ్ళకి ఇంత చెమటా?" అని చూసేవాళ్ళు నవ్వుతారు. నవ్వేవాళ్ళని నేను ఒకసారి నిచ్చెనెక్కి చూడమంటాను. ఇంతవరకూ ఎవరూ ఎక్కలేదు.

నాకు కోపం ఎక్కువ. దాచుకోవడం చేతకాదు. రెండు పలకల మధ్య సందు వదిలేసినవాణ్ణి చూస్తే ఆ రోజు నాకు అన్నం సహించదు. చల్లగది నడవడం మొదలుపెట్టాక, సందు ఉన్న చోట గోడకి బయటివైపు చెమట పడుతుంది. ముందు చిన్న చిన్న చుక్కలు, తరవాత ధార. పని అయిపోయిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి గోడంతా అరచేత్తో తడిమి చూడటం నా అలవాటు. చెయ్యి తడిస్తే ఆ చోట పని చేసినవాడికి నా చేత తిట్లు తప్పవు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఎవరింటికి భోజనానికి పిలిచినా ముందు వాళ్ళ గోడ మీద చెయ్యి వేస్తాను. మా ఆవిడకి అది తలవంపులుగా ఉంటుంది.

నిజానికి నేను సముద్రం మీద పనిచేయాల్సినవాణ్ణి. మా నాయన వేటకి పోయేవాడు, ఆయన నాయనా అంతే. నన్ను కూడా ఎక్కించారు. పడవ అల మీదికి లేచి దిగిన ప్రతిసారీ నేను తిన్నదంతా నీళ్ళపాలు చేశాను. రోజులు గడిచినా అలవాటు కాలేదు. మా బావ, అంటే అక్క మొగుడు, ఇప్పటికీ కొత్తవాళ్ళకి నన్ను అట్లాగే పరిచయం చేస్తాడు. "అందురూ చేపలు పట్టే దానికి పోతారు. మా బామ్మర్ది చేపలకి మేత పెట్టే దానికి పోయినాడు" అంటాడు. ఒడ్డున ఉన్నవాళ్ళందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఎందుకంటే బావ నోట్లోంచి వచ్చే హాస్యం మొత్తం అదొక్కటే. మిగతా వేళల్లో ఆయన మాట్లాడేది చాలా తక్కువ.

అక్క నాకంటే చాలా పెద్దది. మా అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీదికి పోతే నన్ను చంకన వేసుకుని తిరిగింది అక్కే. నాకు అన్నం తినడం నేర్పింది, చేపలో ముల్లు తీసుకోవడం నేర్పింది, చదువు తప్పి ఇంటికొచ్చిన రోజు మా నాయన చేతి కింద పడకుండా తన వెనక దాచింది. పెళ్ళయి, కోటకి అవతల సముద్రం ఒడ్డునే ఉన్న బావ వాళ్ళ పల్లెకి వెళ్ళింది. నేను గూడూరులో కాపురం పెట్టాను. ఆదివారం పని లేకపోతే బండి వేసుకుని అక్క దగ్గరికి పోవడం నాకు మొదటి నుంచీ ఉన్నదే. గూడూరు నిమ్మకాయలు ఒక సంచి తీసుకెళతాను, ఎండుచేపలు ఒక సంచి తెచ్చుకుంటాను.

అక్కది సిమెంటు రేకుల ఇల్లు. రెండు గదులు, ముందు వసారా. వేసవిలో పొద్దెక్కితే ఆ రేకుల కింద మనిషి ఉండలేడు. బిందెలో నీళ్ళు కూడా వేడెక్కిపోతాయి. మధ్యాహ్నమైతే ఆడవాళ్ళందరూ ఇళ్ళు వదిలిపెట్టి సరుగుడు తోపులో కూర్చుంటారు. అక్క మాత్రం వసారాలోనే ఉండి ఎండుచేపలు కాకుల పాలు కాకుండా చూసుకునేది. సముద్రం మీద ఇంజను చప్పుడు వినపడగానే లేచి ఒడ్డుకి పోయేది. మా ఇళ్ళల్లో వేటకి పోయేవాడికి ఎవరూ ఎదురొచ్చి పోయిరమ్మని చెప్పరు. వచ్చేటప్పుడు మాత్రం ఒడ్డున ఇంటి మనిషి నిలబడి ఉండాలి. మా అమ్మ నిలబడేది. అక్క కూడా అంతే. చెయ్యి ఊపడం, కేక వెయ్యడం లాంటివేవీ ఉండవు. ఊరికే నిలబడటం.

ప్రతి ఏడూ వేసవిలో రెండు నెలలు ప్రభుత్వం వేట ఆపేస్తుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని. జూన్ నడిమికి మళ్ళీ పడవలు దిగుతాయి. అప్పటికి మిగతా ఊళ్ళల్లో వానల మాట మొదలవుతుందేమో గాని మా నెల్లూరు వైపు ఎండ ఇంకా చావదు. పడమటి గాలి నిప్పులు మోసుకొస్తుంది. పోయినేడు వేట మొదలైన వారంలోనే అక్క ఒడ్డున పడిపోయింది. ఆ రోజు అలలు ఎక్కువగా ఉండి పడవ లోపలికి రాలేక చాలాసేపు బయటే ఆగిందట. అంతసేపూ అక్క ఎండలో నిలబడే ఉంది. పడిపోయిన మనిషిని ఆటోలో కోటకి, అక్కణ్ణుంచి గూడూరు ఆసుపత్రికి తెచ్చారు. నేను వెళ్ళేసరికి మంచం మీద ఉంది. నుదుటి మీద చెయ్యి వేస్తే పొయ్యి మీది పెనంలా కాలుతోంది, పొడిగా ఉంది. వడదెబ్బ తగిలిన మనిషికి చెమట పట్టడం ఆగిపోతుందని నర్సమ్మ చెప్పింది. ఇన్నేళ్ళూ చెమట పట్టిన గోడల్ని చూసి తిట్టినవాణ్ణి, ఆ సాయంత్రం అక్క నుదుటి మీద ఒక్క చెమటచుక్క కోసం తడుముతూ కూర్చున్నాను. చాలాసేపటికి పట్టింది. అప్పుడు ఏడ్చాను.

"ఎండలో ఉండకూడదు, వేడిలో ఉండకూడదు. ఇంకోసారి ఇట్లా అయితే మనిషి దక్కడం కష్టం" అని డాక్టరు చెప్పాడు. మా ఇంట్లో ఉంచుకుందామని తీసుకెళ్ళాను. "ఈడ గాలే లేదు కదరా" అని వారం తిరక్కుండానే వెళ్ళిపోయింది. వెళ్ళిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. వచ్చే వేసవికి అక్క ఉంటుందా ఉండదా అన్నదే నా భయం. దానికి నాకు తెలిసిన మందు ఒక్కటే. ఆ ఇంటికి దుప్పటి కప్పాలి.

ఈ ఏడు వేట ఆగగానే సామాను వేసుకుని వెళ్ళాను. బావ ఖాళీగా ఉంటాడు, ఒక చెయ్యి వేస్తాడు అని నా లెక్క. రేకుల కింద దూలాలకి అడ్డంగా జల్లెడ తీగ లాగి కట్టాం. దాని మీద వెండి కాగితం అంటించిన దూది పరిచాం. దూది చుట్ట విప్పినప్పుడు అక్క తొంగిచూసి "పరుపుకి బాగుంటదే" అంది. నేను అదిరిపడి పక్కకి లాగాను. అతుకులన్నిటికీ టేపు వేసి, కింద తెల్లటి అట్టలు బిగించాం. బావ నిచ్చెన మీద కూడా పడవలో ఉన్నంత నిమ్మళంగా నిలబడ్డాడు. కాకపోతే నేను ఎంత చెప్పినా చొక్కా వేసుకోలేదు.

"ఒళ్ళు కప్పుకో బావా, తగిలితే దురద" అన్నాను.

"ముళ్ళచేపలు పట్టే చేతులబ్బా ఇవి. దూది ఏం చేస్తది?" అన్నాడు.

సాయంత్రానికి ఆయన ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు. చల్లటి మంచినీళ్ళు పోసుకోమని నేను చెప్పేలోపలే పరిగెత్తి సముద్రంలో దూకాడు. ఉప్పునీళ్ళు తగిలాక దురద కాస్తా మంటయింది. ఒడ్డెక్కి గంతులేస్తుంటే పల్లెంతా కూడింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కొబ్బరినూనె రాస్తూ కూడా నవ్వుతూనే ఉంది. పోయినేడు ఆసుపత్రిలో చూసిన మొహాన్ని ఆ నవ్వు చాలావరకు చెరిపేసింది.

పని అయిన మర్నాడు ఎండ నడినెత్తిన ఉండగా లోపలికి వెళ్ళి కప్పు మీద అరచెయ్యి ఆనించాను. వేడి లేదు. నా బతుకులో ఎన్ని కప్పులు తడిమానో గాని అంత సంతోషంగా ఏ కప్పునీ తడమలేదు. అక్క నేల మీద చాప వేసుకుని మధ్యాహ్నం నిద్రపోయింది. పెళ్ళయి ఆ ఇంటికొచ్చాక వేసవి పగటిపూట అక్క నిద్రపోవడం అదే మొదలు. పక్కింటి ముసలవ్వ చూసిపోదామని వచ్చి, గోడకి జారగిలబడి అక్కడే గురక పెట్టింది. తరవాత రోజూ రావడం మొదలుపెట్టింది. బావ వలలు బాగుచేసుకోవడం కూడా లోపలికి మార్చాడు. ఆదివారం నేను వెళితే గడప దగ్గరే చెప్పులు విడిచి, చల్లటి గచ్చు మీద కాళ్ళు చాపి, ముగ్గురం మామిడికాయ వేసిన చేపల పులుసు తినేవాళ్ళం.

"మా తమ్ముడు చేసినాడు" అని అక్క వచ్చినవాళ్ళందరికీ కప్పు చూపించేది. నేను వినపడనట్టు నటిస్తూ చెవులు రిక్కించి వినేవాణ్ణి. అక్క గండం గట్టెక్కిందని గట్టిగా నమ్మాను. ఆ రెండు నెలలూ బావ ఇంట్లోనే ఉన్నాడని, పడవ ఇసక మీద బోర్లించి ఉందని నాకు తట్టనే లేదు. ఖాళీగా ఉన్న చల్లగదిని తడిమి చూసి పని బాగుందని సంబరపడినట్టయింది నా పని. సరుకు దిగాక గదా తెలిసేది.

వేట మొదలయింది. ఆ తరవాత వచ్చిన ఆదివారం నిమ్మకాయల సంచితో వెళితే ఇల్లు చల్లగా ఉంది, అక్క లేదు. ముసలవ్వ ఒక్కతే నడింట్లో నిద్రపోతోంది. లేపి అడిగితే చెయ్యి సముద్రం వైపు చూపించి మళ్ళీ కళ్ళు మూసుకుంది. పరిగెత్తాను. ఒడ్డున మనిషి నీడ కాళ్ళ కిందే ఉండే ఆ వేళలో అక్క చిలకాకుపచ్చ చీర కొంగు తల మీద వేసుకుని ఒక్కతే నిలబడి ఉంది. సముద్రం మీద పడవ జాడే లేదు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా అక్కా? పడవే రాలేదు, ఈడ ఏం చేస్తుండావు?" అని అరిచాను. ఒడ్డుకొస్తే నాకూ మా ఊరి మాటే వస్తుంది.

అక్క నింపాదిగా నా వైపు తిరిగింది. "లోపల ఉంటే ఏమీ వినపడలేదురా. ముందు ఇంజను చప్పుడు రేకుల మీద మోగేది. ఇప్పుడు నువ్వు వేసిన దూదికి సముద్రమే వినపడదు. మొదటి రోజు నేను వచ్చేసరికి పడవ అలల దాకా వచ్చేసింది. అందుకని ముందే వస్తుండా" అంది.

జనరేటర్ గదుల్లో చప్పుడు బయటికి రాకుండా ఆపడానికి కూడా నేను పరిచేది ఆ దూదే. వేడితో పాటు చప్పుణ్ణి కూడా ఆపుతుందని నాకు తెలియక కాదు. అక్క ఇంట్లో చప్పుడుకి కూడా పని ఉందని తెలియదు. ముందు ఇంజను వినపడ్డాక వచ్చే మనిషి, ఇప్పుడు పొద్దెక్కగానే వచ్చి నిలబడుతోంది. ఎండ తప్పించాలని నేను చేసిన పని వల్లే ఎండ ఎక్కువైంది. తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది.

"మొత్తం పీకి పారేస్తా" అన్నాను.

"పీకితే ముసలవ్వ నిన్ను బతకనీదు" అంది అక్క. నేను నవ్వలేదు. "కనీసం ఆ తోపులో కూసో. అందురూ ఆడనే గదా ఉండేది" అన్నాను.

"నీకు తెలవదులే" అని మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. సంచిలోంచి నిమ్మకాయ తీసి, కోట రోడ్డులో కొన్న సోడాలో పిండి ఇచ్చాను. తాగింది గాని కదల్లేదు. బండి మీద ఉన్న గొడుగు తెచ్చి పట్టుకున్నాను. గాలికి అది రెండుసార్లు తిరగబడి ఇక పనికిరాకుండా పోయింది. పడవ వచ్చేదాకా అక్క పక్కనే నిలబడ్డాను, కోపంతో, భయంతో. ఆ రోజు కానాగంతలు బాగా పడ్డాయి. ఒడ్డంతా సందడి. నాకు చేపలు కనపడలేదు, అక్క నుదుటి మీద చెమట ఉందా లేదా అనే చూస్తున్నాను.

అక్క గంపతో ముందు నడిచి వెళ్ళాక, వల దులుపుతున్న బావని పట్టుకున్నాను. "డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు గదా. నువ్వు చెబితే వింటది. నిలబడొద్దని ఒక్క మాట చెప్పు బావా" అన్నాను.

ఆయన వల దులపడం ఆపలేదు. "నేను చెప్పలేనబ్బా" అన్నాడు.

"ఏం? ఒడ్డుకి దారి తెలవదా నీకు? గురుతుకి ఒడ్డున ఆ ఒంటి తాడిచెట్టు ఉంది గదా."

"దారికి తాడిచెట్టు చాలు. మీ అక్క దారి కోసం కాదు."

ఇంకేమీ చెప్పడనుకున్నాను. వలలోంచి ఒక పీతని విడదీసి నీళ్ళలోకి విసిరి, తడి చేతుల్ని పంచెకి తుడుచుకుని, నా మొహం చూడకుండా చెప్పాడు. "పోయినేడు ఆ రోజు నేను అలలకి అవతల ఉండా. మీ అక్క పచ్చచీర కనపడతా ఉండింది. ఒక అల లేచి ఒడ్డు మూసేసింది. ఆ అల దిగినాక చూస్తే ఆడ మీ అక్క లేదు. గంప కోసం పోయిందేమో అనుకున్నా. కాసేపుండి అట్లా అనుకోలేకపోయినా. ఇంజను వదిలి దూకలేను, పడవలో ఇంకా ముగ్గురు ఉండారు. అలలు సందివ్వలేదు. ఒడ్డు చేరిందాకా నేను బతికి లేనబ్బా."

ఆయన అన్ని మాటలు ఒకేసారి అనడం నేను ఎప్పుడూ వినలేదు. "ఫోన్ చెయ్యొచ్చు గదా" అని మాత్రం అడగగలిగాను. ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఐసుపెట్టె అడుగున ఉంటుందట. అలల దగ్గరకొచ్చేసరికి రెండు చేతులూ ఇంజను మీదే ఉండాలట. ఆ మాటలు చెప్పి మళ్ళీ వల దులపసాగాడు.

ఇంటికి పోయే దారంతా అదే ఆలోచన. నేను నా పని తీరులోనే ఆలోచించాను. వేడి ఎక్కడ తగులుతుందో అక్కడ అడ్డం పెట్టాలి. ఇంట్లో లేని మనిషికి ఇంటి మీద దూది దేనికి? బావకి కనపడాల్సింది ఒక పచ్చచీర. అక్కకి కావాల్సింది నీడ. ఈ రెంటినీ విడదీస్తే సరిపోతుంది అనుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం పడవలు తిరిగొచ్చేలోపలే వెళ్ళి, సరుగుడు కర్రలు నాలుగు పాతి, అక్క రోజూ నిలబడే చోటికి కాస్త వెనకగా పందిరి వేశాను. పైన నా దగ్గర మిగిలిపోయిన నురుగు పలకల ముక్కలు పరిచి, గాలికి ఎగరకుండా పాత వల కప్పి కట్టాను. దాని మీద తాటాకు. పలకల తెలుపు కళ్ళకి కొట్టకుండా ఆకు బాగా పనికొచ్చింది. ఆడవాళ్ళందరూ తోపులోంచి వచ్చి కింద కూర్చున్నారు. "ఏసీ పందిరి" అని పేరు కూడా పెట్టేశారు.

పందిరి ముందు ఇంకో పొడుగాటి కర్ర పాతి, అక్కని చీర అడిగాను. ఏ చీర, ఎందుకు అని చెబితే పడీపడీ నవ్వింది. "నాకు బదులు చీర కాపలా కాస్తదా?" అంది. నవ్వుకుంటూనే ఇంటికి పోయి చిలకాకుపచ్చ చీర తెచ్చింది. రెండు మడతలు వేసి, కర్రకి చుట్టి, కొంగు వదిలి కట్టాం. దూరం పోయి చూశాను. కొంగు గాలికి ఆడుతుంటే నాకే అక్క నిలబడినట్టు అనిపించింది. అక్క వేరే చీరలో పందిరి కింద కూర్చుని, చేటలో రొయ్యపొట్టు ఏరుకుంటూ ఉంది. నాకు గొప్ప పని చేశానన్న గర్వం వచ్చింది.

పడవలు ఒక్కటొక్కటే వచ్చాయి. కొత్త పందిరిని వింతగా చూస్తూ అందరూ ఒడ్డెక్కారు. బావ పడవ కూడా కనపడింది. తాడిచెట్టుకి సూటిగా వచ్చింది. అలలు విరిగే చోటికి కాస్త ముందు ఆగిపోయింది. ఆ రోజు అలలు పెద్దగా లేవు. మిగతా పడవలన్నీ తేలిగ్గా వచ్చేశాయి. బావ పడవ మాత్రం రాలేదు. ఇంజను తగ్గించి ఉత్తరానికి కొంచెం పోయింది. మళ్ళీ దక్షిణానికి వచ్చింది. "ఇంజనులో ఏమన్నా పోయిందేమో" అని ఒకరన్నారు. "వల చుట్టుకుందేమో" అని ఇంకొకరు. నేను నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగి నిలబడ్డాను.

వెనక నుంచి అక్క వచ్చింది. చేట ఎవరి ఒళ్ళోనో పెట్టి, పందిరి కింద నుంచి లేచి, ఎండలోకి నడిచింది. కర్రని దాటింది. చీరని దాటింది. రోజూ నిలబడే చోట, తడి ఇసకకి ఇవతల, నిలబడి తల మీది కొంగు తీసేసింది.

ఇంజను చప్పుడు పెరిగింది. పడవ ముక్కు ఒడ్డుకి తిరిగి, ఒక అల వీపున ఎక్కి, నేరుగా వచ్చి ఇసకని తాకింది.

బావ దూకి నీళ్ళలోంచి నడిచొచ్చాడు. ఆయన కోపం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. చీర కట్టిన కర్రని చూసి, అక్కని చూసి అన్నాడు. "చీర ఎప్పుడూ నిలబడే ఉంటది మే. నువ్వు పడిపోయినా అది నిలబడే ఉంటది. నాకెట్టా తెలుస్తది?"

అక్క వెళ్ళి కర్రకి చుట్టిన చీర తనే విప్పింది. ఉప్పుగాలికి చెమ్మగిల్లిన కొంగుని దులిపి, మడత పెట్టి, చంకలో పెట్టుకుంది. నేను ఆ కర్రని పీకేశాను. ఒకరికి నీడ కావాలని తెలుసుకున్నాను గాని, ఆ నిలబడటం ఎవరి కోసమో బావ చెప్పినా నాకు ఎక్కలేదు. అక్క బావ కోసం ఎదురుచూస్తోందని అనుకుంటూ వచ్చాను. తను ఇంకా ఉన్నానని ఆయనకి చూపించడానికి నిలబడుతోంది.

ఇప్పుడు పందిరి ఉంది. ఇంటి కప్పు కింద దూది కూడా అట్లాగే ఉంది, ముసలవ్వ పుణ్యమా అని. అక్క పొద్దెక్కాక పందిరి కింద మిగతావాళ్ళతో కూర్చుంటుంది, నిమ్మకాయ నీళ్ళు తాగుతుంది, తాగకపోతే ఆడవాళ్ళు నాకు ఫోన్ చేసి చెప్పేస్తారు. బావ పడవ అలల దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేస్తుంది. ఎండలోకి నడిచి, తల మీది కొంగు తీసి నిలబడుతుంది. అలలు మంచివైతే అది కాసేపే. చెడ్డవైతే చాలాసేపు. అట్లాంటి రోజు నేను అక్కడ ఉంటే పక్కకెళ్ళి నిలబడతాను. వద్దని అనను. ఊరికే ఒకసారి నుదుటి మీద అరచెయ్యి వేసి చూస్తాను. చెయ్యి తడిస్తే నిమ్మళంగా తీసేస్తాను.

ఆ కాసేపటి ఎండకి అడ్డం పెట్టే సామాను నా దగ్గర లేదు. ఉన్నా అక్క పెట్టనివ్వదు, బావ పెట్టనివ్వడు. ఇప్పుడు నేనూ పెట్టను.